ట్యాంకులో 34, కెగ్‌లో 22: ఒకే ఐపీఏకి రెండు తీర్పులు

హైదరాబాద్‌లోని ఒక బ్రూపబ్‌లో (పేరు ఇక్కడ అనవసరం) కాచిన ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, హాప్స్ పూల చేదూ వాసనా బాగా తెలిసే బీరు) కేసు ఇది. కింది అంతస్తు బార్‌లో తాగినవాళ్లు బాగుందన్నారు. పై అంతస్తులో అదే బీరు తెప్పించుకున్నవాళ్లు సగం గ్లాసు వదిలేసి వెళ్లారు. కిందికి బీరు సర్వింగ్ ట్యాంకు నుంచి వస్తుంది, పైకి 30 లీటర్ల కెగ్గుల (మూసిన పీపాల) నుంచి. రెండింట్లో ఉన్నది ఒకే ఫర్మెంటర్‌లో పులిసిన సరుకే. పై అంతస్తు ఫిర్యాదులు రెండు: గ్లాసులో సగం నురగే ఉంటోంది, బీరు బటర్ బిస్కెట్ వాసన వస్తోంది. యాజమాన్యం అనుమానం ట్యాప్ లైన్ల మీద. లైన్లు రెండుసార్లు కాస్టిక్‌తో కడిగించారు, ఫలితం లేదు. అప్పుడు రుచి పరీక్ష పెట్టారు.

ముందు బీరు ఏమిటో చెప్పాలి, లేకపోతే తీర్పుకి ఆధారం ఉండదు. ఫర్మెంటర్‌లోకి వెళ్లిన వోర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం) 1050 లీటర్లు. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ) మొత్తం 270 కిలోలు: పేల్ ఏల్ మాల్ట్ 235, మ్యూనిక్ 22, లేత క్రిస్టల్ 13. మాష్, అంటే మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టి చక్కెర తీయడం, 66 డిగ్రీల దగ్గర గంట. నీళ్లు ఆర్‌ఓవి కాబట్టి లవణాలు విడిగా కలిపారు: లీటరుకు 0.25 గ్రాముల జిప్సమ్, 0.1 గ్రాము కాల్షియం క్లోరైడ్. దాంతో సల్ఫేట్ లీటరుకు సుమారు 140 మిల్లీగ్రాములు, క్లోరైడ్ 48. చేదు పొడిగా, సూటిగా తగలాలంటే ఈ మూడింతల నిష్పత్తి సరిపోతుంది. ఇక హాప్స్ రకాలు: గంటసేపు మరిగే మాగ్నమ్ 1 కిలో, మంట ఆపాక 85 డిగ్రీల దగ్గర సిట్రా 3 కిలోలు. లెక్క ప్రకారం చేదు 58 ఐబీయూ (బీరు చేదుని కొలిచే యూనిట్). పులియడం 19 డిగ్రీల దగ్గర, అమెరికన్ ఏల్ ఈస్ట్‌తో. మొదటి గ్రావిటీ (నీళ్లతో పోల్చిన సాంద్రత, చక్కెర పులిసేకొద్దీ తగ్గుతుంది) 1.062, అయిదో రోజుకి 1.013. ఆరో రోజు డ్రై హాపింగ్, అంటే మరిగించకుండా పులిసిన బీరులోనే హాప్స్ వేయడం: సిట్రా 4, సిమ్కో 2, కాస్కేడ్ 2, మొత్తం 8 కిలోల పెల్లెట్లు. మూడు రోజులాగి 2 డిగ్రీలకు దించేశారు. ఫిల్టర్ లేదు. హాప్స్, ఈస్ట్ పీల్చుకోగా 980 లీటర్లు మిగిలాయి. అందులో 680 ట్యాంకులోకి, 300 పది కెగ్గుల్లోకి వెళ్లాయి.

అసలు సంగతి ఒకటి రికార్డులో లేదు, అడిగితే బయటికొచ్చింది. కెగ్గులు నింపిన రోజు కోల్డ్ రూమ్‌లో చోటు లేదు. ఆరు రోజులపాటు అవి 22 డిగ్రీల ఏసీ స్టోర్‌లో నిలబడ్డాయి. తర్వాత 4 డిగ్రీల గదిలోకి మార్చారు.

శాంపిళ్లు తీసిన తీరు

నింపిన పద్దెనిమిదో రోజున నాలుగు శాంపిళ్లు తీశారు: ట్యాంకు నుంచి నేరుగా, ట్యాంకుకి కట్టిన ట్యాప్ నుంచి, కెగ్ నుంచి నేరుగా, కెగ్‌కి కట్టిన ట్యాప్ నుంచి. ఒక్కోదానికి మూడంకెల కోడ్: 417, 283, 650, 932. ఒకటి, రెండు, మూడు అని రాస్తే మొదటిది మెరుగని మనసు ముందే తీర్మానించుకుంటుంది. ట్యాప్ శాంపిల్ అంటే ఉదయం తెరవగానే వచ్చే మొదటి గ్లాసే. రాత్రంతా లైన్లో నిలిచిన బీరు అదే కాబట్టి, లైను చెడితే ముందు పట్టుబడేది అందులోనే. దాన్ని పారబోసి అయిదో గ్లాసు పట్టి ఇచ్చి, లైను శుభ్రంగా ఉందని చెప్పడం చాలాచోట్ల చూసే పొరపాటు.

రుచి చూసేవాళ్లు ముగ్గురు, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, ఒక్కొక్కరికి ఒక్కో వరుసలో. గ్లాసుకి 100 మిల్లీలీటర్లు, 8 డిగ్రీల దగ్గర. గ్లాసు కడిగి నీళ్లలో ముంచి తీస్తే నీరు పొరలా జారాలి. చుక్కలు చుక్కలుగా అంటుకుంటే జిడ్డు ఉన్నట్టు, అలాంటి గ్లాసులో నురగ మీద తీర్పు చెల్లదు. నోరు కడుక్కోవడానికి మంచినీళ్లు, ఉప్పు లేని మరమరాలు. ఈ ఊళ్లో ప్రత్యేకంగా చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది: పరీక్షకి ముందు గంటలో పాన్, సోంపు, ఫిల్టర్ కాఫీ, మసాలా పల్లీలు ఏవీ వద్దు. సోంపు నమిలిన నోటికి హాప్స్ వాసన అందదు. వంటగది పక్కన బల్ల వేస్తే ఇంకా దండగ, చికెన్ 65 తాలింపు ముందు ఏ సిట్రా నిలవదు.

వాసన చూడటం పోసిన పది సెకన్లలోపే మొదలవ్వాలి. హాప్స్‌లోని తేలిక నూనెలు ముందే ఎగిరిపోతాయి. మూడు చిన్న పీల్పులు, మధ్యలో విరామం, ఆ తర్వాతే రంగు, నురగ. తర్వాత గ్లాసు మీద అరచెయ్యి మూసి, తిప్పి, మళ్లీ వాసన. తాగినప్పుడు మింగాలి. వైన్‌లా ఉమ్మేస్తే గొంతు దగ్గర నిలిచే చేదు, మింగాక ముక్కులోకి ఎగబాకే వాసన రెండూ తప్పిపోతాయి. ఒక్కో శాంపిల్ మధ్య కనీసం రెండు నిమిషాలు ఆగాలి. ఐపీఏ చేదు పేరుకుంటుంది, ఒక కూర్చోవడంలో ఆరేడుకి మించితే నాలుక నిజం చెప్పదు.

మార్కులు బీజేసీపీ (బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్) షీటు ప్రకారం వేశారు: వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో స్పర్శకి 5, మొత్తం మీద కలిగే అభిప్రాయానికి 10, కలిపి 50. పోల్చడానికి అదే సంస్థ 2021 మార్గదర్శకాల్లోని అమెరికన్ ఐపీఏ హద్దులు: మొదటి గ్రావిటీ 1.056 నుంచి 1.070, చివరిది 1.008 నుంచి 1.014, చేదు 40 నుంచి 70 ఐబీయూ, ఆల్కహాల్ 5.5 నుంచి 7.5 శాతం. కాగితం మీద ఈ బీరు అన్ని హద్దుల్లోనూ ఉంది. కాగితం మీద బాగున్నంత మాత్రాన ఏమీ తేలదు, అది వేరే మాట.

ముక్కుకి, నాలుకకి అందినవి

ట్యాంకు శాంపిళ్లు రెండూ, 417, 283, ఒకేలా ఉన్నాయి. పంపరపనస తొక్క, పండిన మామిడి, వెనకాల సాంబ్రాణి లాంటి జిగురు వాసన. మాల్ట్ నుంచి లేత బిస్కెట్ రుచి. కానీ మామిడి కాస్త వాడిపోయింది, దాని జాగాలో తేనె మెదులుతోంది. రంగు ఉండాల్సిన బంగారు రంగు కంటే ఒక ఛాయ ముదురు. చేదు గట్టిదే, శుభ్రంగా ముగుస్తుంది. మింగిన అర నిమిషానికి నాలుక పక్కల పచ్చి అరటికాయ కొరికినట్టు వగరు.

ఈ వగరు గురించి రెండు మాటలు. ఇంగ్లిష్‌లో రాసే జడ్జీలు కొత్తలో చేదునీ వగరునీ కలిపేసి ‘కఠినం’ అని రాసి వదిలేస్తుంటారు. తెలుగువాళ్లకి ఆ ఇబ్బంది ఉండకూడదు. కాకరకాయ చేదు, నేరేడు పండు వగరు: చేదు రుచి, వగరు స్పర్శ, నోరు పట్టుకుపోవడం. బీరులో రెండింటి మూలాలూ వేరు. చేదు ఎక్కువైతే మరిగే హాప్స్ తగ్గించాలి. వగరైతే మాల్ట్ కడిగిన నీళ్ల పీహెచ్, వేడి, డ్రై హాప్స్ ఎంతసేపు నానాయన్నది చూడాలి. షీటు మీద తప్పు మాట పడితే బ్రూవర్ తప్పు మీట తిప్పుతాడు.

కెగ్ శాంపిళ్లు 650, 932 కూడా ఒకదానితో ఒకటి సరిపోయాయి. దాంతోనే లైన్ల మీద కేసు సగం కొట్టేసినట్టయింది. ట్యాప్ దాకా రాకుండా కెగ్ నుంచి నేరుగా తీసినదాంట్లోనే వెన్న ఉంది. మిగతా సగం పులుపు తేల్చింది. లైన్లో చేరిన లాక్టిక్ బ్యాక్టీరియా కూడా వెన్న వాసన ఇస్తుంది, కానీ దాదాపు ఎప్పుడూ పులుపుని వెంటబెట్టుకొస్తుంది. ఇక్కడ పులుపు లేదు. వెన్న వాసన, నాలుక మీద నూనె పూసినట్టు జిడ్డు, పంపరపనస వెనక్కి పోవడం, గ్యాస్ ముల్లులా గుచ్చడం, ఇంతే.

8 డిగ్రీల దగ్గర వెన్న మధ్యస్థంగా ఉంది. అదే గ్లాసుని 14 డిగ్రీల దాకా వేడెక్కనిచ్చి మళ్లీ చూస్తే పాప్‌కార్న్ డబ్బా తెరిచినట్టు వచ్చింది. పబ్‌లో 3, 4 డిగ్రీల దగ్గర పోస్తారు కాబట్టి మొదటి గుక్కలో ఎవరికీ తెలియలేదు. సగం గ్లాసుకి వచ్చేసరికి తెలిసింది. కస్టమర్లు సరిగ్గా సగం దగ్గర వదిలేయడానికి కారణం ఇదే.

కెగ్ బీరుకి ముగ్గురూ వేసిన మార్కులు 20, 21, 27. మధ్య తేడా 7, ఒప్పుకునే హద్దు చివర. 27 వేసిన జడ్జికి వెన్న చాలా లేతగా అందింది. ఇది నిర్లక్ష్యం కాదు. వెన్న వాసనకి మూలమైన డైఅసిటైల్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దరిదాపుల్లోనే చాలామందికి తెలుస్తుంది, కొందరికి అంతకు ఎన్నో రెట్లుంటే తప్ప తెలియదు. ఎవరి ముక్కు దేనికి మొద్దో ముందే సెన్సరీ కిట్‌తో (ఒక్కో వాసనని విడిగా ఇచ్చే నమూనాలతో) తెలుసుకుని ఉంచుకోవాలి. అలాంటి జడ్జిని తీసేయనక్కర్లేదు. నాలుక మీద జిడ్డు ఆయన కూడా రాశారు, వాసన పేరే రాయలేదు. చర్చ తర్వాత 22 దగ్గర కుదిరారు: వాసన 5, రూపం 2, రుచి 8, స్పర్శ 3, మొత్తం అభిప్రాయం 4. ట్యాంకు బీరుకి 34: వరసగా 8, 3, 13, 4, 6.

వెన్న ఎక్కడిది

కెగ్ బీరుని రెండు గ్లాసుల మధ్య ఇరవైసార్లు తిరగపోసి గ్యాస్ వదిలించి, 20 డిగ్రీల దగ్గర హైడ్రోమీటర్ పెడితే 1.010 చూపించింది. నింపినప్పుడు 1.013. మూసిన కెగ్‌లో మూడు పాయింట్లు (0.003) దిగిందంటే లోపల మళ్లీ పులిసిందన్నమాట. (గ్యాస్ వదిలించకపోతే బుడగలు హైడ్రోమీటర్‌ని పైకి లేపుతాయి, రీడింగ్ అబద్ధం. ఆల్కహాల్ ఉన్న బీరుకి, కాంతి వంపుతో చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్ నేరుగా పనికిరాదు.)

ఈస్ట్ తినగలిగిన చక్కెరంతా అయిదో రోజుకే అయిపోయింది. మరి మళ్లీ పులియడానికి తిండి ఎక్కడిది? హాప్స్‌తో వచ్చింది. హాప్స్‌లో పిండిపదార్థాన్ని విరిచే ఎంజైములు కొద్దిగా ఉంటాయి. మరిగే వోర్ట్‌లో వేస్తే వేడికి చచ్చిపోతాయి. చల్లటి బీరులో వేస్తే బతికే ఉంటాయి. మాష్‌లో చక్కెరగా మారక మిగిలిన డెక్స్ట్రిన్లను ఇవి మెల్లగా కొరికి చక్కెర చేస్తాయి. ఈస్ట్ లేచి తింటుంది. దీన్నే ఇప్పుడు హాప్ క్రీప్ అంటున్నారు. ఈస్ట్ మళ్లీ పనిలోకి దిగితే ఆల్ఫా అసిటోలాక్టేట్ అనే పదార్థాన్ని బయటికి వదులుతుంది, దానికి వాసన లేదు. అది తర్వాత తనంతట తానే డైఅసిటైల్‌గా మారుతుంది, వెన్న అదే. వెచ్చగా, తగినంత సమయం ఉంటే ఈస్టే ఆ డైఅసిటైల్‌ని తిరిగి మింగేస్తుంది. ఇక్కడ ఆరు రోజులు వెచ్చగా ఉంచి పులియనిచ్చి, ఈస్ట్ ఇల్లు సర్దుకునేలోపే 4 డిగ్రీల్లో పెట్టి పడుకోబెట్టారు. చెత్త అలాగే ఉండిపోయింది.

నురగ ఫిర్యాదు లెక్క కూడా ఇక్కడే తేలింది. మూడు పాయింట్లు అంటే లీటరుకు సుమారు 2.8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అదనం. మొదట ఉన్నది 4.7 గ్రాములు. పై అంతస్తు బార్ సిబ్బంది నురగ చూసి రెగ్యులేటర్ ప్రెషర్ తగ్గించారు. తగ్గించేకొద్దీ గ్యాస్ లైన్లోనే విడిపోయి నురగ ఇంకా పెరిగింది. ఇక ఆల్కహాల్: 1.062 నుంచి 1.013 అయితే 6.4 శాతం, 1.010 అయితే 6.8. మెనూలో రాసింది ఒకటి, పై అంతస్తులో పోసింది ఇంకొకటి.

ఇది కొత్త వింతేమీ కాదు. 1893లోనే హొరేస్ బ్రౌన్, హారిస్ మోరిస్ ఇంగ్లండ్‌లో దీన్ని గమనించి రాశారు. పీపాల్లో హాప్స్ వేస్తే బీరు మళ్లీ పులుస్తోందని, కారణం హాప్స్‌లోని ఎంజైమేనని. బ్రౌన్ పనిచేసింది బర్టన్‌లో. లండన్‌లోని హాడ్జ్‌సన్ బ్రూవరీ పేల్ ఏల్‌కి పోటీగా 1820ల నుంచి కలకత్తా, మద్రాసు రేవులకి పీపాలు పంపిన ఊరు అదే. ఐపీఏ పేరులోని ఇండియా అక్కడిది. పీపాలో మళ్లీ పులియడం వాళ్లకి కావలసిందే, బీరు ప్రాణంతో ఉంటుంది. ఈ లక్షణాన్ని 2010ల చివర్లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మళ్లీ తవ్వి తీశారు, ఎందుకంటే లీటరుకు 8, 10 గ్రాముల హాప్స్ గుమ్మరించే కాలం వచ్చింది.

ఇప్పుడు ట్యాంకు బీరు. దాంట్లో వెన్న లేదని ముగ్గురూ రాశారు. అయినా ఫోర్స్ పరీక్ష చేశారు: రెండు మూతల సీసాల్లో బీరు, ఒకటి 60 డిగ్రీల నీళ్లలో అరగంట, రెండోది చల్లగా. రెండింటినీ 20 డిగ్రీలకి తెచ్చి మూత తీసి వాసన చూస్తే, వేడి చేసినదాంట్లో లేత వెన్న. అంటే వాసన లేని అసిటోలాక్టేట్ ట్యాంకులోనూ ఉంది, చలికి అణిగి ఉంది అంతే. 34 మార్కుల బీరు కూడా నిజానికి తొందరపడి దించినదే. ఆ సంగతి నాలుక చెప్పలేదు. అందుకే ఐపీఏకి విడుదల రోజు రుచి ఒక్కటే చూసి సంతకం పెట్టడం సరికాదు. ఆ రోజు హాప్స్ ఎంత బిగ్గరగా ఉంటాయంటే, కింద దాక్కున్నది వినపడదు.

మార్చినవి

తర్వాతి బ్యాచ్‌లో ముందుగా కాలం మార్చారు. డ్రై హాపింగ్ తర్వాత 19 డిగ్రీల దగ్గరే ఉంచి, 24 గంటల తేడాతో తీసిన రెండు రీడింగులు ఒకటే అయ్యి, ఫోర్స్ పరీక్షలో రెండు సీసాలూ ఒకేలా ఉంటేనే చల్లబరచాలని నియమం పెట్టారు. మూడు రోజుల పని ఏడు రోజులు పట్టింది. ఫర్మెంటర్ నాలుగు రోజులు అదనంగా ఆక్రమించుకోవడం బ్రూపబ్‌కి చిన్న విషయం కాదు, వారాంతం అమ్మకం ఒకటి జారుతుంది. తొందరగా కావాలంటే వేరే దారులున్నాయి: డ్రై హాపింగ్ 14 డిగ్రీల దగ్గర చేసి ఎంజైమ్‌ని మందగించడం, లేదా అసిటోలాక్టేట్‌ని వెన్న కాకుండానే అసిటోయిన్‌గా మార్చే ఏఎల్‌డీసీ ఎంజైమ్ వేయడం. మొదటిదాంతో క్రీప్ తగ్గుతుంది తప్ప పోదు, కెగ్ వెచ్చబడితే మళ్లీ మొదలవుతుంది. రెండోది వెన్నని ఆపుతుంది, గ్యాస్‌నీ ఆల్కహాల్‌నీ ఆపదు. కోల్డ్ రూమ్ మీద పూర్తి నమ్మకం లేని చోట కాలమే మంచి మందు.

గ్రావిటీ 1.010కి దిగుతుందని ముందే ఒప్పుకుని, మొదటి గ్రావిటీని 1.059కి తగ్గించారు. ఆల్కహాల్ మళ్లీ 6.4 దగ్గరికే వచ్చింది, మెనూ మార్చక్కర్లేదు. కెగ్గుల మెడకి చీటీ: నింపిన తేదీ, నింపినప్పటి గ్రావిటీ, కోల్డ్ రూమ్‌లోకి వెళ్లిన గంట.

తేనె, వాడిన మామిడి, ముదిరిన రంగు, ఈ మూడూ ఆక్సిజన్ గుర్తులు. పై మూత తెరిచి 8 కిలోల పెల్లెట్లు తీరిగ్గా పోసిన ఫలితం. ఈసారి కింద నుంచి కార్బన్ డయాక్సైడ్ మెల్లగా వదులుతూ, ఒక్క నిమిషంలో పోసి మూశారు. ఇందులో ప్రమాదం ఉంది: గ్యాస్ నిండిన బీరులో పెల్లెట్లు పడితే ఒక్కసారిగా పొంగి మూతలోంచి ఎగజిమ్ముతుంది. ముందు ప్రెషర్ పూర్తిగా దించాలి, మొదట గుప్పెడు వేసి అరనిమిషం చూడాలి, మొహం మూత మీద పెట్టకూడదు. కెగ్గుల్ని శానిటైజర్‌తో అంచుదాకా నింపి, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో తోసేసి, ఆ ఖాళీలోకే బీరు పట్టారు. ‘గ్యాస్‌తో ఒకసారి ఊదాం’ అంటే కుదరదు, గాలి సగం అక్కడే ఉంటుంది. కరిగిన ఆక్సిజన్ కొలిచే మీటరు లేదు కాబట్టి జంట సీసాల పద్ధతి: ఒకటి 30 డిగ్రీల దగ్గర వారం, ఇంకొకటి ఫ్రిజ్‌లో, తర్వాత పక్కపక్కన రంగు, వాసన పోల్చడం.

అదే ముగ్గురు, అదే విధానం. అయిదో రోజు ట్యాంకు బీరుకి 41: వాసన 10, రూపం 3, రుచి 17, స్పర్శ 4, మొత్తం అభిప్రాయం 7. పద్దెనిమిదో రోజు ట్యాంకుకి 39, కెగ్‌కి 39. కెగ్ గ్రావిటీ నింపినప్పుడూ, తీసినప్పుడూ 1.010. 14 డిగ్రీల దాకా వేడెక్కనిచ్చినా వెన్న లేదు. పంపరపనస, మామిడి నిలిచాయి.

స్పర్శ దగ్గర మాత్రం 4 దాటలేదు. వగరు పోలేదు, ముగ్గురూ మళ్లీ రాశారు. మాల్ట్ కడుగుడు రికార్డు చూస్తే చివరి నీళ్లు 80 డిగ్రీలు, చివర్లో కారిన వోర్ట్ పీహెచ్ 6.1. పొట్టులోంచి వగరు దిగడానికి ఆ రెండూ చాలు. ఏడు రోజులు నానిన హాప్స్ వాటా కూడా ఉండొచ్చు, రెండూ ఒకేసారి మారిస్తే ఏది దోషో తెలియదు. కాబట్టి మూడో బ్యాచ్‌లో కడిగే నీళ్లు 75 డిగ్రీలకి, లాక్టిక్ ఆసిడ్‌తో పీహెచ్ 5.6కి తెచ్చి, కారే వోర్ట్ పీహెచ్ 5.8 దాటగానే ఆపేస్తారు. హాప్స్ నానే కాలం ఇప్పటికి ముట్టుకోరు.